స్పెషల్ టీచర్‌కు, ఆయాకు జీతం పెంచితే ఖర్చెంత? ఆ డబ్బు ఎవరు కట్టాలి?

స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్లకు, వాళ్లకు తోడుగా ఉండే ఆయాలకు జీతాలు పెంచాలంటే కాదనేవాళ్లు కనిపించరు. ధర్నా శిబిరానికి అధికార పక్షం నాయకుడొచ్చినా, ప్రతిపక్షం నాయకుడొచ్చినా న్యాయమైన డిమాండే అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరులో, తెలంగాణలో 2024 డిసెంబరులో సమగ్ర శిక్షా కాంట్రాక్టు ఉద్యోగులు సమ్మెకు దిగినప్పుడు కూడా ఇదే మాట వినిపించింది. ఆ తర్వాత ఫైలు ఆర్థిక శాఖకు వెళ్తుంది. అక్కడ రెండే ప్రశ్నలు. మొత్తం ఎంతవుతుంది? ఎవరి ఖాతాలోంచి ఇవ్వాలి?

ఈ రెండు ప్రశ్నలకు జవాబు తల్లిదండ్రులకు ఎవరూ విడమరిచి చెప్పరు. కానీ ఇంట్లో ఆటిజం ఉన్న బాబో, వినికిడి లోపం ఉన్న పాపో ఉంటే, ఆ జవాబు మీదే చాలా ఆధారపడి ఉంది. ఇప్పుడు చెబుతున్న టీచర్ వచ్చే జూన్‌లో అదే కేంద్రంలో ఉంటారా, ఇంకో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోతారా అన్నది అక్కడే తేలుతుంది. అందుకే ఈ లెక్క ఒకసారి మొదటి నుంచి చూద్దాం. కష్టమైనదేమీ కాదు, కిరాణా కొట్టు చిట్టా అంత సులువు.

ముందుగా, వీళ్లెవరు?

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మండల స్థాయిలో భవిత కేంద్రాలున్నాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలు అక్కడికి వస్తారు. అక్కడ చెప్పేవాళ్లను ఐఈఆర్‌పీలు అంటారు, అంటే సమ్మిళిత విద్య రిసోర్స్ పర్సన్లు. తల్లులు మాత్రం వాళ్లను 'భవిత మేడం', 'స్పెషల్ టీచర్' అనే పిలుస్తారు. వాళ్ల పని ఒక గదిలో కూర్చుని పాఠం చెప్పడంతో అయిపోదు. కొన్ని రోజులు కేంద్రంలో, కొన్ని రోజులు మండలంలోని బడుల్లో, కదల్లేని పిల్లలుంటే వాళ్ల ఇంటి దగ్గర. దీనికి తోడు వైద్య శిబిరాలకు పిల్లల్ని తీసుకెళ్లడం, వినికిడి యంత్రాలకు, చక్రాల కుర్చీలకు జాబితాలు రాయడం, ఆన్‌లైన్‌లో వివరాలు ఎక్కించడం.

ఇక ఆయా. పిల్లాడిని బాత్రూముకు తీసుకెళ్లేది, బట్టలు మార్చేది, ముద్ద తినిపించేది, మూర్ఛ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టేది ఆమే. ఆమె రాని రోజు చాలామంది తల్లులు పిల్లల్ని పంపరు. అంటే కేంద్రం తలుపు తెరిచి ఉన్నా, ఆ పిల్లల వరకు ఆ రోజు సెలవే. జీతాల పట్టికలో అందరికంటే కింద ఉండేది ఈమె పేరే. చాలా చోట్ల దాన్ని జీతం అని కూడా అనరు, గౌరవ వేతనం అంటారు. గౌరవ వేతనం అని రాసినప్పుడు డీఏ ఉండదు, ఇంక్రిమెంటు ఉండదు, ఎప్పుడు పెంచాలన్న నియమం కూడా ఉండదు.

వీళ్లంతా ఒక ఎత్తు. డీఎస్సీ ద్వారా రెగ్యులర్‌గా వచ్చే స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్లు ఇంకో ఎత్తు. తెలంగాణ 2024 డీఎస్సీలో మొత్తం 11,062 పోస్టులుంటే, అందులో స్పెషల్ ఎడ్యుకేషన్‌కు 796 ఎస్జీటీ, 220 స్కూల్ అసిస్టెంట్ పోస్టులిచ్చారు. ఆంధ్రప్రదేశ్ 2025లో ఈ విభాగానికి 2,260 పోస్టులు మంజూరు చేసింది, 1,136 ఎస్జీటీ, 1,124 స్కూల్ అసిస్టెంట్. ఇవి ప్రభుత్వం ఊరికే తలచుకుని ఇచ్చినవి కావు. వెనకాల సుప్రీంకోర్టు ఉంది.

కోర్టు చెప్పిందేమిటంటే

రజనీష్ కుమార్ పాండే కేసులో 2021 అక్టోబరు 28న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ప్రాథమిక స్థాయిలో ప్రతి 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక స్పెషల్ టీచర్, ఆ పై తరగతుల్లో ప్రతి 15 మందికి ఒకరు ఉండాలన్నది దాని సారం. ఆ మరుసటి ఏడాది కేంద్రం ఈ నిష్పత్తిని విద్యాహక్కు చట్టం షెడ్యూలులోకి తెచ్చింది. అయినా రాష్ట్రాలు పోస్టులు చూపించలేదు. 2025 మార్చిలో కోర్టు మళ్లీ గట్టిగా అడిగింది. ఎన్ని పోస్టులు కావాలో ప్రకటించండి, ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీద పనిచేస్తున్నవాళ్ల అర్హతలు స్క్రీనింగ్ కమిటీతో పరిశీలించండి, అర్హులని తేలినవాళ్లకు అప్పటి నుంచి స్కేలు ఇవ్వండి అంది. పాత ఏళ్లకు బకాయిలు రావు, పరిశీలన అయిన తేదీ నుంచే.

ఈ ఒక్క నిబంధన వల్ల ప్రభుత్వాలకు చాలా డబ్బు మిగిలింది. పదేళ్లు పన్నెండేళ్లు తక్కువ జీతానికి పనిచేసినవాళ్ల తేడా సొమ్ము ఎవరూ తిరిగి ఇవ్వనక్కర్లేదు. జీతాల పెంపు భారం గురించి మాట్లాడేటప్పుడు ఇన్నాళ్లూ ఆ భారం ఎవరు మోశారో కూడా గుర్తుపెట్టుకోవాలి. ఆ టీచర్లే మోశారు.

దేశం మొత్తం మీద ఈ నిష్పత్తి అమలుకు ఎంతమంది కావాలి? 2021-22 యూడైస్ లెక్కల్లో ఒకటి నుంచి 12వ తరగతి వరకు ప్రత్యేక అవసరాల పిల్లలు 22.67 లక్షల మంది. అందరికీ 15కు ఒకరు చొప్పున వేసుకున్నా లక్షా యాభై వేల మంది టీచర్లు కావాలి. 10కి ఒకరంటే రెండు లక్షల ఇరవై ఆరు వేలు. అసలు సంఖ్య ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంటుంది. ఇది బడి రిజిస్టర్‌లో పేరున్న పిల్లల లెక్క మాత్రమే. ఇంట్లోనే ఉండిపోయినవాళ్లు, రిజిస్టర్‌లో పేరున్నా వైకల్యం రాయనివాళ్లు ఇందులో లేరు.

ఇప్పుడు లెక్కలోకి

రెగ్యులర్ టీచర్‌తో మొదలుపెడదాం. ఆంధ్రప్రదేశ్ 2022 పీఆర్సీ ప్రకారం ఎస్జీటీ మూల వేతనం 32,670 రూపాయల దగ్గర మొదలవుతుంది. స్కూల్ అసిస్టెంట్‌కు 44,570. తెలంగాణలో 31,040, 42,300. స్పెషల్ ఎడ్యుకేషన్ వాళ్లకు వేరే స్కేలేమీ లేదు, మిగతా టీచర్లతో సమానమే.

అయితే ప్రభుత్వానికి అయ్యే ఖర్చు మూల వేతనం దగ్గర ఆగదు. దాని మీద డీఏ, ఇంటి అద్దె భత్యం వస్తాయి. సీపీఎస్‌లో ఉన్నవాళ్లకు మూల వేతనం, డీఏ కలిపిన దాని మీద ప్రభుత్వం తన వంతుగా 10 శాతం జమ చేయాలి. లెక్క కోసం డీఏ 30 శాతం, ఇంటి అద్దె 10 శాతం అనుకుందాం. 32,670కి డీఏ 9,801, అద్దె భత్యం 3,267, సీపీఎస్ వాటా 4,247. మొత్తం 49,985. అంటే మూల వేతనంలో 100 రూపాయలుంటే ఖజానాలోంచి పోయేది 153. జీతం పెంచుతామని జీవో ఇచ్చేటప్పుడు ఆర్థిక శాఖ చూసేది ఈ రెండో సంఖ్య. ధర్నాలో వినిపించేది మొదటి సంఖ్య. సగం గొడవ ఇక్కడే పుడుతుంది, ఇద్దరూ వేర్వేరు సంఖ్యలు పట్టుకుని మాట్లాడతారు కాబట్టి.

ఇదే పద్ధతిలో ఆంధ్రప్రదేశ్ మంజూరు చేసిన 2,260 పోస్టులూ నిండాయనుకుందాం. ఎస్జీటీల మూల వేతనం నెలకు 3 కోట్ల 71 లక్షలు, స్కూల్ అసిస్టెంట్లది 5 కోట్ల ఒక లక్ష. ఏడాదికి దాదాపు 104 కోట్ల 65 లక్షలు. పైన చెప్పిన 153 లెక్క వేస్తే సుమారు 160 కోట్లు.

160 కోట్లు అంటే వినడానికి కొండంత. కానీ 2025-26లో ఆ రాష్ట్ర బడ్జెట్‌లో పాఠశాల విద్యకు చూపించింది 31,805 కోట్లు. అందులో 160 కోట్లంటే వంద రూపాయలకు అర్ధరూపాయి. తెలంగాణలో 2024 డీఎస్సీ పోస్టులకు మూల వేతనం మాత్రమే వేస్తే ఏడాదికి 40 కోట్ల 82 లక్షలు. అక్కడ 2025-26లో విద్యాశాఖకు కేటాయించింది 23,108 కోట్లు. అంటే వందకు 18 పైసలు. భత్యాలన్నీ కలిపినా 30 పైసలు దాటదు.

ప్రభుత్వం దగ్గర డబ్బు లేదు అనే మాటను ఈ అంకెల పక్కన పెట్టి చూడాలి. మొత్తం విద్యా బడ్జెట్‌లో ఇది చిన్న ముక్క. మరి ఎందుకు ఇంత ఆలస్యం?

ఒక కారణం జీతం స్వభావంలోనే ఉంది. చక్రాల కుర్చీ ఒకసారి కొంటే ఆ ఏడాది ఖర్చుతో సరి. 5,000 జీతం పెంచితే అది ఈ ఏడాదితో పోదు, వచ్చే ఏడాది, ఆ పై ఏడాది, ఆ ఉద్యోగి ఉన్నన్నాళ్లూ ఇవ్వాల్సిందే. స్కేలు ఇస్తే ఏటా ఇంక్రిమెంటు, డీఏ పెరిగినప్పుడల్లా పెంపు, కొత్త పీఆర్సీ వస్తే ఫిట్‌మెంటు. అందుకే ప్రభుత్వాలు భవనాలకు, పరికరాలకు సంతకం పెట్టినంత తేలిగ్గా జీతానికి పెట్టవు. పార్టీ ఏదైనా ఇదే తంతు.

60, 40 మెలిక

రెండో కారణం కాంట్రాక్టు ఉద్యోగులకు సంబంధించింది. అసలు చిక్కు ఇక్కడుంది.

ఐఈఆర్‌పీలు, ఆయాలు రాష్ట్ర ప్రభుత్వ జీతాల పద్దు కింద లేరు. వాళ్లు సమగ్ర శిక్షా పథకం కింద ఉన్నారు. సర్వశిక్షా అభియాన్, మాధ్యమిక శిక్షా అభియాన్, టీచర్ల శిక్షణ పథకాన్ని కలిపి 2018లో ఈ పథకం పెట్టారు. ఖర్చులో కేంద్రం 60 పైసలు, రాష్ట్రం 40 పైసలు. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకు మాత్రం 90, 10.

ఏటా రాష్ట్రం ఒక వార్షిక ప్రణాళిక తయారుచేసి ఢిల్లీకి పంపుతుంది. ఎంతమంది పిల్లలున్నారు, ఎంతమంది టీచర్లు కావాలి, ఒక్కొక్కరికి ఎంత ఇస్తారు, అన్నీ అందులో ఉంటాయి. ప్రాజెక్ట్ అప్రూవల్ బోర్డు, అంటే పీఏబీ, దాన్ని పరిశీలించి ఇంతమందికి, ఇంత చొప్పున అని ఒప్పుకుంటుంది. ఒప్పుకున్న మొత్తానికే 60, 40 వర్తిస్తుంది. దాని మీద రాష్ట్రం ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వాలనుకున్నా ఆ రూపాయి పూర్తిగా రాష్ట్రానిదే.

ఉదాహరణకు ఒక ఐఈఆర్‌పీకి నెలకు 20,000 ఇస్తున్నారనుకుందాం. ఇది ఊహ అంకె, లెక్క తేలిగ్గా ఉండాలని. పీఏబీ ఈ మొత్తాన్ని ఒప్పుకుంటే కేంద్రం 12,000, రాష్ట్రం 8,000 భరిస్తాయి. ఇప్పుడు 5,000 పెంచాలి. పీఏబీ ఒప్పుకుంటే రాష్ట్రం మీద పడేది 2,000. ఒప్పుకోకపోతే 5,000 మొత్తం. అప్పుడు రాష్ట్రం వాటా 8,000 నుంచి 13,000కు పోతుంది. టీచర్‌కు పెరిగింది 25 శాతం, రాష్ట్రానికి పెరిగిన భారం 60 శాతం పైనే. ముఖ్యమంత్రి ఎవరైనా ఆర్థిక శాఖ ఈ కాగితమే ముందు పెడుతుంది.

మధ్యలో సమయం గొడవ ఒకటి. ప్రణాళికలు, పీఏబీ సమావేశాలు విద్యాసంవత్సరం మొదలయ్యే ముందే జరుగుతాయి. సమ్మెలు ఎక్కువగా డిసెంబరులో జరుగుతాయి. డిసెంబరులో ప్రభుత్వం ఒప్పుకున్నా ఆ ఏడాది ప్రణాళికలో ఆ పెంపు లేదు కాబట్టి మార్చి వరకు అది రాష్ట్రం సొంత ఖర్చే. అందుకే 'వచ్చే ఆర్థిక సంవత్సరం చూద్దాం' అన్న జవాబు వస్తుంది. వచ్చే ఆర్థిక సంవత్సరం ప్రణాళికలో ఆ అంకె పెట్టారా లేదా అని ఎవరూ అడగరు. సంఘాలు కూడా శిబిరం ఎత్తేశాక ఆ సంగతి పట్టించుకునేది తక్కువ. నిజానికి ధర్నాకు సరైన నెల డిసెంబరు కాదు, రాష్ట్రం ప్రణాళిక రాసే నెలలు.

కేంద్రం సొమ్ము కూడా ఒకేసారి రాదు, విడతలుగా వస్తుంది. రాష్ట్రం తన 40 వాటా వేసి, ఖర్చు లెక్కలు చూపిస్తేనే తర్వాతి విడత. ఎక్కడ ఆగినా జీతం ఆగుతుంది. రెండు నెలలకోసారి జీతం వచ్చే టీచర్‌కు 2,000 పెంపు కంటే ఒకటో తారీఖున జీతం రావడమే పెద్ద పెంపు అనిపిస్తుంది. దానికి అదనంగా పైసా ఖర్చు లేదు, పద్ధతి ఉంటే చాలు.

జీతం పెరిగితే నష్టమా?

వింతగా ఉన్నా, కొన్ని సందర్భాల్లో చిన్న పెంపు చేతికి వచ్చేసరికి తేలిపోతుంది. స్వచ్ఛంద సంస్థలు, ప్రైవేటు స్పెషల్ స్కూళ్లలో ఈఎస్‌ఐ వర్తించేచోట నెల వేతనం 21,000 దాటితే ఆ సదుపాయం పోతుంది. ఉద్యోగికి వైకల్యం ఉంటే ఈ పరిమితి 25,000. 20,000 ఉన్న టీచర్‌కు 1,500 పెంచారనుకోండి. కాంట్రిబ్యూషన్ కాలం ముగిశాక ఆ కుటుంబానికి ఈఎస్‌ఐ ఆస్పత్రి కార్డు ఉండదు. ఇంట్లో అత్తమామలకు షుగర్, బీపీ మందులుంటే 1,500 అక్కడే ఖర్చవుతుంది. యాజమాన్యానికి మాత్రం ఈఎస్‌ఐకి కట్టే 3.25 శాతం మిగులుతుంది. ఇలాంటప్పుడు పెంచితే గట్టిగా పెంచాలి, లేదంటే దాంతోపాటు ఆరోగ్య బీమా ఇవ్వాలి. వెయ్యీ, పదిహేను వందలూ పెంచి ఫొటో దిగడం వల్ల లాభం లేదు.

ప్రయాణం సంగతీ ఇలాంటిదే. ఐఈఆర్‌పీ ఊరూరూ తిరగాలి. బండికి పెట్రోలు, ఆటో ఛార్జీలు సొంత జేబులోంచి పెట్టుకుంటే జీతం కాగితం మీద ఉన్నదానికంటే తక్కువే. ప్రయాణ భత్యం సరిగ్గా ఇస్తే అది జీతం పెంపు కింద లెక్కకు రాదు, పీఆర్సీతో ముడిపడదు, ఏటా దానంతట అది పెరగదు. అయినా పిల్లాడి ఇంటికి టీచర్ వచ్చే రోజులు పెరుగుతాయి. ప్రభుత్వాలు ముందు దీని మీద ఎందుకు దృష్టి పెట్టవో అర్థం కాదు.

సమాన పనికి సమాన వేతనం అంటే ఎంత

2016 అక్టోబరులో పంజాబ్ ప్రభుత్వం, జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఒక సూత్రం చెప్పింది. రెగ్యులర్ ఉద్యోగి చేసే పనే చేస్తున్న తాత్కాలిక ఉద్యోగికి కనీసం ఆ స్కేలు మొదటి మెట్టు వేతనమైనా ఇవ్వాలని. భత్యాలు, ఇంక్రిమెంట్ల మాట ఇందులో లేదు. మన ఊహ అంకె 20,000నే తీసుకుంటే, దాన్ని 32,670కి తేవడానికి ఒక్కొక్కరికి నెలకు 12,670 అదనం. ఏడాదికి లక్షా 52 వేలు. వెయ్యి మంది ఉంటే 15 కోట్ల 20 లక్షలు. డబ్బులేని రాష్ట్రానికి కూడా ఇది మోయలేని బరువు కాదు. కానీ ఐఈఆర్‌పీలకు ఇస్తే సమగ్ర శిక్షాలోనే ఉన్న కేజీబీవీ టీచర్లు, సీఆర్‌పీలు, ఎంఐఎస్ వాళ్లు, పార్ట్ టైం ఇన్‌స్ట్రక్టర్లు తమకూ అంటారు. అనడం న్యాయమే. ప్రభుత్వం భయపడేది ఆ 15 కోట్లకు కాదు, దాని వెనక వచ్చే వరసకు.

ఇక్కడ ఒక తేడా ఉంది. స్పెషల్ టీచర్లకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి, నిష్పత్తి చట్టంలో ఉంది, సుప్రీంకోర్టు ఆదేశం వాళ్ల పేరు మీదే ఉంది. మిగతావాళ్ల డిమాండు బలం తగ్గించకుండానే వీళ్ల సంగతి విడిగా తేల్చవచ్చు.

ఆయాల విషయంలో మాత్రం ఈ బలమేదీ లేదు. ఎంతమంది పిల్లలకు ఒక ఆయా ఉండాలో చెప్పిన నిష్పత్తి లేదు, రిజిస్ట్రేషన్ లేదు, తీర్పుల్లో వాళ్ల ప్రస్తావన లేదు. కోర్టు కేసు గెలిచిన ప్రతిసారీ టీచర్ ఒక మెట్టు ఎక్కుతారు, ఆయా అక్కడే ఉంటుంది. లెక్క ప్రకారం చూస్తే అందరికంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం వచ్చేది ఈమె దగ్గరే. నెలకు 3,000 పెంచితే ఏడాదికి 36,000. ఒక మండలంలో ఒక ఆయా పని మానేస్తే డైపర్ అవసరమైన పిల్లలు, నడవలేని పిల్లలు కేంద్రానికి రావడం మానేస్తారు. అప్పుడు 20,000 తీసుకుంటున్న టీచర్ సమయం సగం ఆయా పనికే పోతుంది. ఆ నష్టం ఏ పద్దులోనూ కనిపించదు.

ఎక్కువ మందా, ఎక్కువ జీతమా?

అధికారులు అడిగే ప్రశ్నల్లో నిజాయితీ ఉన్న ప్రశ్న ఇదొకటి. నెలకు 20 లక్షలున్నాయి. 20,000 చొప్పున 100 మందికి ఇవ్వవచ్చు, 25,000 చొప్పున 80 మందికి ఇవ్వవచ్చు. ఏది మేలు? 20 మంది తగ్గితే కొన్ని మండలాలకు టీచరే ఉండరు. జీతం పెంచకపోతే 100 మందిలో ఏటా కొందరు వెళ్లిపోతారు, డీఎస్సీకో, ప్రైవేటు థెరపీ సెంటర్‌కో.

మామూలు బడిలో లెక్కల సారు మారితే పిల్లలు వారంలో సర్దుకుంటారు. ఆటిజం ఉన్న పిల్లాడికి కొత్త ముఖం అలవాటు కావడానికే నెలలు పడుతుంది. పాత టీచర్ దగ్గర నేర్చుకున్న సైగలు, కార్డులు, మాటలు కొత్తవాళ్లకు తెలియవు. మళ్లీ మొదటి నుంచి. మన ఇళ్లలో దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. పాతబస్తీలోనో కర్నూలులోనో కడపలోనో చాలా ఇళ్లలో పిల్లాడు వినేది ఉర్దూ, బడిలో తెలుగు లేదా ఇంగ్లీషు. మాట ఆలస్యమైన పిల్లాడికి ఇంటి భాషలో మొదలుపెట్టే టీచర్ దొరకడమే కష్టం. దొరికిన ఒక్కరూ తక్కువ జీతం వల్ల వెళ్లిపోతే ఆ స్థానంలో ఉర్దూ వచ్చినవాళ్లే వస్తారన్న నమ్మకం లేదు. కాబట్టి 100, 80 అనే లెక్కలో ఒక అంకె తప్పిపోయింది. అది ఎంతమంది ఎన్నేళ్లు ఉంటారన్నది.

ప్రభుత్వం ఇవ్వని ఖర్చు మాయమైపోదు, ఇంకొకరి మీద పడుతుంది. హైదరాబాద్‌లో ప్రైవేటు బడులు చాలావరకు పిల్లాడిని చేర్చుకుంటాం గానీ షాడో టీచర్‌ను మీరే పెట్టుకోవాలంటాయి. ఫీజుకు తోడు ఇంకో మనిషి జీతం. అంత స్థోమత లేని ఇంట్లో ఆ షాడో టీచర్ తల్లే. ఆమె ఉద్యోగం మానేస్తుంది, లేదా కుట్టుపని మానేస్తుంది. స్వచ్ఛంద కేంద్రాల్లోనూ అంతే. గ్రాంటులో జీతానికి పరిమితి ఉంటుంది, దాటితే విరాళాల మీద ఆధారపడాలి. రంజాన్‌లో దాతలు ట్రైసైకిళ్లకు, కుట్టు మిషన్లకు ముందుకొస్తారు. టీచర్ జీతానికి ఏడాది పొడవునా ఇస్తామనేవాళ్లు తక్కువ.

అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలు కూడా ఈ సమస్య చూస్తూనే ఉంటాయి. అక్కడ 1975లో చట్టం చేసినప్పుడు ప్రత్యేక విద్యకయ్యే అదనపు ఖర్చుకు కేంద్ర ప్రభుత్వం తన వంతుగా, దేశంలో ఒక్కో విద్యార్థి మీద పెట్టే సగటు ఖర్చులో 40 శాతం దాకా ఇస్తానంది. ఆ 40 శాతం ఏనాడూ రాలేదు. మిగిలింది రాష్ట్రాలు, స్థానిక స్కూల్ డిస్ట్రిక్టులు ఆస్తి పన్నులోంచి కడుతున్నాయి. తరగతిలో సహాయకులకు అక్కడ కూడా జీతం అంతంతే.

తల్లిదండ్రుల చేతిలో ఉన్నది

పోస్టులు, జీతాలు అన్నీ చివరికి పిల్లల సంఖ్య మీద నడుస్తాయి. పదికి ఒకరు అన్నప్పుడు ఆ పది మంది పేర్లు ఎక్కడో ఉండాలి. అవి ఉండేది బడి నింపే యూడైస్ వివరాల్లో. పిల్లాడి పేరు పక్కన ప్రత్యేక అవసరం అని నమోదు కాకపోతే వార్షిక ప్రణాళికలో అతను లేడు. అతని కోసం టీచర్ కూడా లేరు.

చాలా ఇళ్లలో ఆడపిల్లల విషయంలో ఇది దాచిపెడతారు. రేపు సంబంధాలు రావేమోనని, చెల్లెలి నిఖాకు కూడా అడ్డమవుతుందని. ఆ భయం ఊరికే పుట్టలేదు, బిరాదరీలో ఏమంటారో అందరికీ తెలుసు. కానీ దాచడం వల్ల ఆ పాపకు సమగ్ర శిక్షా కింద నెలకు 200 చొప్పున 10 నెలలు వచ్చే స్టైపెండ్ పోతుంది, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 18 ఏళ్ల వరకు ఉచిత విద్య అడిగే ఆధారం పోతుంది, మండలానికి రావాల్సిన టీచర్ పోస్టు లెక్కలో ఒకరు తగ్గుతారు. ఆ చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. ఆటిజం, డిస్‌లెక్సియా లాంటి అభ్యసన లోపాలు, తలసేమియా కూడా అందులో ఉన్నాయి. కంటికి కనిపించే లోపమే ఉండాలని లేదు.

చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. సదరం శిబిరంలో పరీక్ష చేయించి యూడీఐడీ కార్డు తీసుకోవాలి. కార్డు నకలు హెడ్మాస్టర్‌కు ఇచ్చి యూడైస్‌లో నమోదు చేశారా అని అడగాలి. చేశామని నోటితో చెబితే సరిపోదు, స్క్రీన్ మీద చూపించమనాలి. భవిత కేంద్రంలో టీచర్ పోస్టులెన్ని, ఆయా ఉన్నారా, ఖాళీ ఎన్నాళ్లుగా ఉందో ఎంఈవో ఆఫీసులో రాతపూర్వకంగా అడగవచ్చు. జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు ఉంది. మన పిల్లాడికి ఉర్దూ తెలిసిన టీచర్ కావాలంటే అదీ కాగితం మీదే రాయాలి. వార్షిక ప్రణాళిక తయారుచేసేవాళ్లకు కాగితం మీద లేని పిల్లాడు కనిపించడు.

సమగ్ర శిక్షాకు 2021లో ఇచ్చిన ఆమోదం 2025-26 వరకు. అందులో మొత్తం వ్యయం 2 లక్షల 94 వేల కోట్లు, కేంద్రం వాటా లక్షా 85 వేల కోట్లు. ఆ తర్వాతి కాలానికి ఐఈఆర్‌పీ, ఆయా వేతనాలకు పీఏబీ ఒప్పుకునే అంకె ఎంత ఉంటుందన్నదే ఇప్పుడు సంఘాలు పట్టుకోవాల్సిన ప్రశ్న. జిల్లా ప్రణాళిక సమగ్ర శిక్షా జిల్లా కార్యాలయంలో తయారవుతుంది. తల్లిదండ్రులు ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లి తమ మండలం పేజీ చూపించమని అడిగితే కాదనడానికి కారణం లేదు. అది రహస్య పత్రం కాదు.